పసుపు వెలగని వేళాకోళం

జ్యేష్ఠ బహుళ అష్టమి, మంగళవారం. పడమటి గాలి, ఉక్కపోత, మధ్యాహ్నం నాలుగు చినుకులు. మావయ్య తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకాను. ఉత్తరపు పక్క రెండు వందల పద్నాలుగు, దక్షిణపు పక్క నూట తొంభై.

నా తెప్ప ఈ రోజుకి పూర్తయింది. ఇరవై నాలుగు పీపాలు, వాటి మీద వెదురు, వెదురు మీద చెక్క. పొడవు పదకొండు మూరలు. ఎవరూ నేర్పలేదు. పాడైపోయిన తెప్పలు విప్పి చూసి, మళ్ళీ కట్టి నేర్చుకున్నాను. నాకు ఇరవై మూడేళ్ళు. ఏడేళ్ళుగా ముత్యాలు మావయ్య తెప్ప మీద, ఆయన ఎండుచేపల పక్కన పడుకుంటున్నాను. ఇక సొంతంగా ఉండాలి.

నీళ్ళ మీద తేలే మా తెప్పలపేటలో ఎవరి తెప్ప వాళ్ళు కట్టుకోవచ్చు గానీ, ఎవరంతట వాళ్ళు నిలబెట్టుకోలేరు. ఒక్క మోకుతో కట్టిన తెప్ప గాలికి తలుపులా కొట్టుకుని పక్కవాటిని పగలగొడుతుంది. రెండు పక్కలవాళ్ళూ తమ చేత్తో మోకు అందుకోవాలి. అమావాస్య దాటితే వానాకాలం నాలుగు నెలలూ ఎవరూ మోకు ముట్టకూడదు. అమావాస్యకి ఏడు రోజులుంది.

మావయ్య తెప్పకీ వరహాలత్త తెప్పకీ మధ్య పదమూడు మూరల నీళ్ళున్నాయి. నాది సరిగ్గా పడుతుంది. మావయ్య ఒక మోకు అందుకుంటానన్నాడు. మిగిలింది వరహాలత్త. అత్త అని పిలవడమే గానీ చుట్టరికం లేదు. ఆమెది వీధి చివరి తెప్ప. ఒక పక్క మావయ్య మోకు, రెండో పక్క లంగరు.

సాయంత్రం అడిగాను.

"నీకా? నీ గుండీ రంగేంటో నాకే కాదు, ఆ పైనున్నోడికీ తెలీదు. రంగు తెలీనోడికి మోకెలాగిత్తాను అబ్బాయ్?" అంది. అంటున్నప్పుడు ఆమె గుండీ ఆకుపచ్చగా ఉంది. అంటే మామూలుగా, ఆలోచించే అంది.

గుండీ మెడ కింద చొక్కాకో రవికెకో ఉంటుంది. మనిషి కోపంగా ఉంటే ఎరుపు, దిగులుగా ఉంటే నీలం, మామూలుగా ఉంటే ఆకుపచ్చ, వేళాకోళమాడితే పసుపు. గుండీలు పేటకి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. అంతకుముందు మనుషుల మొహాలు చూసి నేనేమీ పోల్చుకోలేకపోయేవాణ్ణి. ప్రతి మాటకీ "ఇది వేళాకోళమా, నిజమా?" అని అడిగేవాణ్ణి. పిల్లలు నాకు ప్రశ్నలరాజు అని పేరు పెట్టారు. అసలు పేరు నూకరాజు. గుండీలొచ్చాక అడిగే పని తప్పింది. పసుపు వెలగ్గానే నవ్వేవాణ్ణి. అందరితో పాటు, సరిగ్గా అందరితో పాటు.

వైద్యం పడవలో వచ్చే డాక్టరమ్మ ఒకసారి చెప్పింది, నా తీరుకి పూర్వం ఆస్పర్జర్స్ అని ఒక పేరుండేదట, తరవాత ఆ పేరు వాడటం మానేశారట. పేరు మానేశారు గానీ నేను మానలేదు.

నా గుండీ మాత్రం పదమూడేళ్ళుగా తెలుపే. గుండీల డబ్బాతో వచ్చిన కాగితం ప్రకారం తెలుపు అంటే ‘చదవడం కుదరలేదు’.

ఈ రోజు వేళాకోళం. (నవ్వాల్సిన మాటలన్నీ రంగుతో సహా ఈ పుస్తకంలో రాసుకుంటాను.) వరహాలత్త ఎండుచేపల కంపు అని అరిచింది. "అంత కంపైతే మోకిప్పుకుని సంద్రంలోకి పో వదినా, గాలి బాగుంటాది," అన్నాడు మావయ్య. పసుపు. ఇది ఆరు వందల పన్నెండోసారి. అత్త "నీ ఎండుచేప మొహం" అంది. పసుపు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జ్యేష్ఠ బహుళ దశమి, గురువారం. గాలి లేదు. ఆకాశం తడి గోనెసంచిలా ఉంది. మంచినీళ్ళ పంపుకి వాషరు మార్చాను.

పేటలో గుండీలు ఆరిపోతున్నాయి. నిన్న నాలుగు, ఇవాళ ముప్పై ఒకటి. తేమకి లోపల పాకుడు పట్టింది. కొత్తవి తెచ్చే ఓడ వానాకాలం దాటాక గానీ రాదు.

మావయ్యది పొద్దున్న అట్టు తింటుండగా ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన, "నువ్వెల్లిపోతే నాకు పీడా ఒదిలిపోద్దిరా," అన్నాడు.

నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. పదమూడేళ్ళ తర్వాత పాత ప్రశ్న దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"వేళాకోళమా మావయ్యా, నిజమా?"

"ఏటి?"

"నీ గుండీ ఆరిపోయింది."

కిందికి చూసుకున్నాడు. ఊదాడు. లుంగీకి తుడిచాడు. "వేళాకోళమేరా," అన్నాడు. తరవాత చాలాసేపు అట్టు తుంచుతూ కూర్చుని, "కొంచెం నిజం. మంచానికి రెండడుగులు కలిసొత్తాది గదా. అయినా వేళాకోళమే ఎక్కువ," అన్నాడు.

గుండీ ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. నాకు చాలా బాగుంది. రాసుకున్నాను: మూడు వంతులు పసుపు, ఒక వంతు ఆకుపచ్చ.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి, శనివారం. తెల్లవారుజామున జల్లు, తరవాత ఎండ. నా తెప్పకి తారు పూశాను. మోకాలికి కూడా కొంత అంటింది.

పేటలో వెలిగే గుండీలు ఇక పదో పన్నెండో ఉంటాయి. వాటిలో నాదొకటి. నిక్షేపంగా తెల్లగా వెలుగుతోంది.

పదమూడేళ్ళుగా జనం మొహాలు చూడటం మానేసి గుండీలే చూస్తున్నారు. ఇప్పుడు ఒకరి మెడ కిందికి ఒకరు చూసి, ఏమీ కనపడక, నిలబడిపోతున్నారు. ఉమ్మడి వంటతెప్ప దగ్గర ఎవరో "సాంబారు అమృతంలా ఉందయ్యా" అన్నారట. పొగిడాడో ఎత్తిపొడిచాడో తేల్చుకోలేక వంట వీరాస్వామి గరిటె కింద పెట్టి అలిగాడు. మధ్యాహ్నం మూడు వీధులకి భోజనం లేదు. నేను అటుకులు తిన్నాను.

నాలుగింటికి వీరాస్వామే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఒరే ప్రశ్నలరాజూ, చిన్నప్పుడు ఎలాగడిగేవోడివిరా నువ్వు?"

"అడిగేవాణ్ణి. అంతే."

"మొహమాటం ఉండేది కాదా?"

"ఉంటుందని తెలీదు."

కాసేపు తల గోక్కుని వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. సాంబారు మనిషిని పట్టుకుని, "అమృతమన్నావు. వేళాకోళమా, నిజమా?" అని అడిగాడు. ఆ మనిషి, "నిజమేరా బాబూ, పొద్దున్నించీ అదే చెప్దామని తిరుగుతున్నాను, నువ్వు మొహం చూపించట్లేదు!" అన్నాడు. వీరాస్వామి కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించాడు. రాత్రికి మూడు వీధులకి సాంబారు.

దీపాలు పెట్టేవేళకి ఎక్కడ విన్నా అదే ప్రశ్న. పేటంతా నాలాగే అయిపోయింది. ఇది నలుగురికీ కష్టమైన సంగతని తెలుసు. అయినా లోపల ఎవరో కితకితలు పెడుతున్నట్టుంది. రెండుసార్లు కారణం లేకుండా నవ్వాను. పసుపు కోసం చూడకుండా.

ఒక్క వరహాలత్త మాత్రం ఎవర్నీ ఏమీ అడగదట. "మాట అర్థం కాలేదని ఒప్పుకునే రోజు వచ్చిందా నాకు?" అంది. గుండీలు పోయినప్పట్నించీ ఆమె మావయ్యతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. ఎండుచేపలు ఊరికే ఎండుతున్నాయి.

మోకు సంగతి మళ్ళీ అడిగాను. "చూద్దాం," అంది.

"చూద్దాం అంటే ఔనా, కాదా?"

"చూద్దామంటే చూద్దామనే!"

చూద్దాం అన్న మాటకి గుండీలున్న రోజుల్లో కూడా రంగు సరిగ్గా వెలిగేది కాదు.

జ్యేష్ఠ బహుళ చతుర్దశి, సోమవారం. పడమటి గాలి బలంగా ఉంది, కెరటాల మీద నురగ. పొద్దున్న ఉల్లిపాయలు తరిగాను. ఇది సాయంత్రం రాస్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా వస్తాయి.

తొమ్మిదింటికి పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. మావయ్య చేపలు పరుస్తున్నాడు. వరహాలత్త అయిదు రోజులకి ఆయనతో నోరు విప్పింది. "ఈ కంపుకి ముద్ద దిగట్లేదయ్యా!"

ఆమె మాట్లాడిందన్న ఆనందంలో మావయ్య తన గుండీ ఆరిపోయిన సంగతే మర్చిపోయాడు. "మోకిప్పుకుని సంద్రంలోకి పో వదినా, గాలి బాగుంటాది!"

అత్త ఆయన మెడ కిందికి చూసింది. అక్కడేమీ లేదు. కొంగు దోపుకుని మోకు దగ్గర కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది.

మావయ్య పడీ పడీ నవ్వాడు. తన వేళాకోళానికి ఆమె బదులు వేళాకోళమాడుతోందనుకున్నాడు. వీధిలో పదిహేడు మంది బయటికొచ్చారు. "లాగు వరహాలమ్మా, లాగు!" అని చప్పట్లు కొట్టారు. వాళ్ళూ తనని పొమ్మంటున్నారని ఆమె అనుకుంది. లంగరు కూడా ఎత్తేసింది. ఎవరు ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలీదు. నేను రోజూ ఉండే చోట, ఆ పూట వీధంతా ఉంది.

నేను అంచుకొచ్చి అడిగాను. "వరహాలత్తా, వేళాకోళమా, నిజమా?"

"నిజంగానే పోతన్నాను! పొమ్మన్నాడుగా!"

అప్పటికే ఆరు బారల దూరం.

"నిజమేనట!" అని వెనక్కి తిరిగి అరిచాను. నేను కూడా వేళాకోళమాడుతున్నాననుకుని వాళ్ళు ఇంకా నవ్వారు. నా గుండీ చూసి లాభం లేదు కదా.

మునిగిపోయిన పాత దీపస్తంభం కొన మా పేటకి నాలుగు వందల బారల దూరంలో నీళ్ళపైకి కనిపిస్తుంది. అది దాటితే అడుగు అందదు. అత్త లంగరు తాడు ఇరవై బారలే. కొన దాటాక లంగరు వేసినా వేయకపోయినా ఒకటే. ఈ కెరటాల్లో ఇంటితెప్ప రెండు గంటలు నిలవదు.

నా తెప్ప మీదకి దూకి తెడ్డు అందుకున్నాను. సగం దూరంలో ఆమెని కలిశాను. మోకు విసిరాను. అది ఆమె కాళ్ళ దగ్గర పడింది. ముట్టుకోలేదు. జారి నీళ్ళలో పడిపోయింది.

"అందుకోండత్తా!"

"అందుకుంటే పక్కోళ్ళం అయిపోతాం. నిన్ను పక్కన కట్టుకుంటానని నేనన్లేదు."

"కట్టుకోవద్దు. మునిగిపోకండి, చాలు. లంగరు వెయ్యండి."

"పొమ్మన్న చోటికి మళ్ళీ తిరిగొచ్చే మనిషిలా కనబడతన్నానా నీకు?"

నాకు ఎవరు ఎలా కనపడతారో చెప్పలేను. పుస్తకం నడుముకి ఉంది. తెడ్డు వదిలితే వెనకబడిపోతాను, పుస్తకం విప్పకపోతే ఆమె నమ్మదు. కాబట్టి పది తెడ్లు వేసి ఒక పేజీ చదివాను. మళ్ళీ పది తెడ్లు, మళ్ళీ ఒక పేజీ.

"పోయినేడు కార్తీక శుద్ధ తదియ! ‘మోకిప్పుకుని పో వదినా.’ పసుపు!"

పది తెడ్లు.

"పంచమి! అదే మాట. పసుపు! మీరు ‘నీ ఎండుచేప మొహం’ అన్నారు. అదీ పసుపు!"

పది తెడ్లు. ఒక కెరటం మా మీద పడింది. పుస్తకాన్ని చంకలో దాచాను.

"సప్తమి! మావయ్యకి జ్వరం, ఏమీ అనలేదు. మీరే వచ్చి, ‘ఇవాళ నన్ను పొమ్మనవేంటయ్యా’ అన్నారు. నీలం!"

"అదీ రాశావా?" అంది అత్త.

"అన్నీ రాశాను. మొన్న నవమి దాకా ఆరు వందల పదమూడు సార్లు."

"ఎందుకురా?"

"ఎప్పుడు నవ్వాలో నేర్చుకోవడానికి."

ఆమె కొంగుతో మొహం మీది ఉప్పునీళ్ళు తుడుచుకుంది. తరవాత, "అన్నీ పసుపేనా? ఒక్కసారైనా ఎర్రగా వెలిగిందా? నిజం చెప్పు," అంది.

అన్నీ పసుపే అంటే లంగరు వేసేస్తుందని నాకు తెలుసు. అబద్ధం చెప్పడం వచ్చినవాళ్ళకి అక్కడ చాలా సులువుగా ఉండేది.

"ఒకసారి ఎరుపు. మూడేళ్ళ కిందట, మాఘ బహుళ చవితి."

దీపస్తంభం కొన ఎనభై బారల దూరంలో ఉంది. దాని మీద కూర్చున్న నీటికాకులు కనపడుతున్నాయి. అయిదు. ఆమె వాటినే చూస్తోంది.

"ఆ రోజు పొయ్యి ఆర్పకుండా పడుకున్నాను," అంది. "తడికంటుకుంది. మీ మావయ్య దూకొచ్చి ఆర్పి, పో, మోకిప్పుకుని పో అని అరిచేశాడు. చేతులొణికిపోయేయి ఆయనకి."

"వణికినట్టు నేను రాయలేదు. ఎరుపని మాత్రం రాశాను."

"కోపం కాదురా పిచ్చోడా, భయం! భయానికి కూడా ఎర్రగానే వెలుగుద్ది ఆ ముష్టి గుండీ!"

ఇది నాకు కొత్త సంగతి. పెన్సిలు తీశాను.

"ఓరి నీ రాత తగలెయ్యా, తరవాత రాసుకో! మోకిసురు!"

విసిరాను. ఈసారి గాల్లోనే పట్టుకుని కొయ్యకి మూడు చుట్లు చుట్టింది. లంగరు రెండు చేతులా ఎత్తి నీళ్ళలోకి తోసింది. తాడు పరిగెత్తింది. పది బారలు, పద్నాలుగు, పదిహేడు. పద్దెనిమిది దగ్గర ఆగి, పట్టుకుంది. రెండు తెప్పలూ ఒక్కసారి గింజుకున్నాయి. నేను వెల్లకిలా పడ్డాను. తెడ్డు కొట్టుకుపోయింది. నీటికాకులు ఎగిరిపోయాయి.

"నవ్వుతున్నావా, వణుకుతున్నావా?" అని అడిగింది అత్త. ఆమె ఇంకొకరిని ఇలా అడగడం నేను వినడం అదే మొదలు.

"రెండూ, అత్తా."

"నేనూ అంతే," అంది.

పాటుకి ఎదురు తిరిగి రావడం పడవలకీ కుదరదు కాబట్టి, పోటు తిరిగేదాకా ఆరు గంటలు అక్కడే ఉన్నాం. చద్దన్నం, ఆవకాయ పెట్టింది. అడగడం ఒకసారి మొదలయ్యాక ఆమె ఆగలేదు. నాకు ఎన్నో ఏట పళ్ళూడాయో కూడా అడిగింది.

"నీ గుండీ ఎందుకురా తెల్లగా ఉంటాది?"

"తెలీదు. లోపల మాత్రం ఖాళీగా లేదు."

"అయితే ఏముందో నువ్వే చెప్పు, ఇప్పుడు."

ఆలోచించాను. "మీరు మునిగిపోనందుకు చాలా బాగుంది. ఆవకాయలో కారం ఎక్కువైంది."

"రెండూ ఒకే మొహంతో చెప్తావేంట్రా!" అని పొలమారేలా నవ్వింది.

మూడున్నరకి పోటు మమ్మల్ని వెనక్కి తెచ్చింది. దారిలోనే ఆరు పడవలు ఎదురొచ్చాయి. ముందు పడవలో మావయ్య నిలబడి ఉన్నాడు, పడవలో నిలబడకూడదు.

"వదినా! వేళాకోళం! వేళాకోళమన్నాను!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మరిదీ!"

"పన్నెండేళ్ళుగా చెప్తానే ఉన్నాను గదా!"

"నువ్వెక్కడ చెప్పావు? నీ గుండీ చెప్పింది!"

మావయ్య పడవలో కూలబడ్డాడు. ఏడుస్తున్నాడా అని అడగబోయాను గానీ, ఆయనే, "ఏడుత్తన్నానురా, రాసుకో," అన్నాడు.

వీధిలోకి వచ్చాక, తెప్ప దాని చోట నిలిచాక, నా మోకు విప్పుకోవడానికి వంగాను. అత్త నా చేతి మీద ఒకటి వేసింది.

"నా చేత్తో అందుకున్నాను. రేపు అమావాస్య. విప్పే ఓపిక నాకు లేదు."

"నిజమా?"

"నిజం."

అమావాస్య, మంగళవారం. పెద్ద పోటు, మబ్బు. రెండో మోకు మావయ్య అందుకున్నాడు. ముడులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి నాలుగుసార్లు వెళ్ళాను. ఉన్నాయి. అయిదోసారి ఊరికే వెళ్ళాను.

ఆషాఢ శుద్ధ విదియ, గురువారం. పొద్దున్న గట్టి వాన, తొమ్మిదింటికి తెరిపి. నా మంచం, పొయ్యి, నీళ్ళ పీపా నా తెప్ప మీదకి చేర్చాను.

పదింటికి చూడటానికి జనం వచ్చారు. ముందు ముగ్గురు, తరవాత పందొమ్మిది మంది. వీరాస్వామి టీ కాచాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ప్రతి మాట వెనకా ‘వేళాకోళమా, నిజమా’, దాని వెనక జవాబు, దాని వెనక నవ్వు. గ్లాసుల చప్పుడు. ఎవరో నా భుజం మీద చెయ్యేశారు. చెవుల్లో కందిరీగలు మొదలయ్యాయి. ఇలాంటప్పుడు మావయ్య తెప్ప మీద నేను చేపల తొట్టి వెనక్కి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఇక్కడ తొట్టి లేదు. ఇది నా ఇల్లు. నా ఇంట్లోంచి నేనెక్కడికి పోవాలి?

లేచి నిలబడి చెప్పేశాను. "నాకు ఒక గంట ఎవరూ ఉండకూడదు."

నా గుండీ వైపు ఎవరూ చూడలేదు. నా మొహం వైపు చూశారు.

"నిజమేనా?" అన్నాడు వీరాస్వామి.

"నిజం. కోపం కాదు. చప్పుడు ఎక్కువైంది."

"ఓస్, అంతేనా? గ్లాసులు పట్టుకుపోనా, తరవాత రానా?"

"పట్టుకుపో."

లేచారు. పందొమ్మిది మందీ. ఒక్కరూ మూతి ముడవలేదు. ఒకావిడ పోతూ పోతూ, గంట తరవాత రావచ్చా అని కూడా అడిగింది. రేపు రమ్మన్నాను. సరేనంది. ఇరవై మూడేళ్ళుగా నేను ఈ వాక్యాన్ని ఎన్ని రకాలుగా చెప్పకుండా దాచుకున్నానో లెక్క రాయలేదు. చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టింది.

అందరూ వెళ్ళాక మంచం మీద కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత లేచి గంతేశాను. బాగుంది. ఇంకోటి వేశాను. చేతులు కూడా ఊపాను. చూసేవాళ్ళు లేరు. తెప్ప ఊగింది. తెప్ప ఊగితే మోకు లాగుతుందని నేను కట్టినప్పుడు తెలుసు గానీ, గంతేస్తున్నప్పుడు గుర్తు లేదు.

"ఏంట్రా ఆ కుదుపు?" అని వరహాలత్త కేక. "పొయ్యి మీద పప్పొలికిపోతంది!"

"సంతోషం అత్తా!"

"ఎంతసేపుంటాది?"

"తెలీదు!"

"అయితే గిన్నె దించుకుంటానాగు." గిన్నె దించిన చప్పుడు. "ఆఁ, ఇక కానియ్యి!"

ఈ నాలుగు ముక్కలు రాయడానికి గంతులు ఆపాను. పనుల లెక్క కూడా రాసేస్తే అయిపోతుంది. నీళ్ళ పీపా కడిగాను. మంచం నవారు బిగించాను. తరవాత పొయ్యిలో బూడిద తీసి... మిగతాది రేపు రాస్తాను, అత్త గిన్నె ఇంకా కిందే ఉంది.